పొట్టి బేస్ గిటార్ పిల్లల వాద్యం మాత్రమే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలకు ఏయే వాద్యాలు నేర్పించవచ్చో తెలియజేస్తూ ఇటీవల మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం తల్లిదండ్రులకు ఎంతో ఉపయోగపడుతుంది. అయితే షార్ట్ స్కేల్ బేస్ గిటార్‌ను, అంటే మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్లలో తీగ పొడవు తక్కువగా ఉన్నదాన్ని మాత్రం ఆ వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చివేసింది. చేతులు చిన్నవిగా ఉన్నంత కాలం వాయించి, ఎదిగాక అటకెక్కించవలసిన వస్తువన్నట్లుగా రాశారు. తిరుపతిలో చాలాకాలంగా ఈ వాద్యాన్నే కచేరీల్లో వాయిస్తూ, వీలు చిక్కినప్పుడల్లా పాతవాటిని సేకరిస్తున్నవాణ్ని గనుక, దాని పక్షాన నాలుగు మాటలు చెప్పుకోవడానికి అవకాశం కోరుతున్నాను.

నట్ (నెక్, అంటే వాద్యం మెడ, పైకొనన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (వాద్యం ఒంటిపై తీగల రెండో కొస ఆనే భాగం) వరకు తీగ కంపించే పొడవును స్కేల్ అంటారు. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో ఈ పొడవు 34 అంగుళాలు. ఆ తరువాత వచ్చిన బేస్ గిటార్లలో ఎక్కువ భాగం ఆ కొలతనే అనుసరించాయి. 30 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉన్నవి షార్ట్ స్కేల్ కిందికి వస్తాయి. నాలుగు అంగుళాల తేడాకు ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు గాని, ఆ తేడా చేతికీ చెవికీ కూడా తెలిసివస్తుంది. మొదటి నాలుగు ఫ్రెట్లు (నెక్‌పై అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలు) పొడవు బేస్‌పై దాదాపు 7 అంగుళాల మేర పరుచుకుంటే, పొట్టిదానిపై 6 అంగుళాలు దాటి కొంచెం దూరంలోనే ముగుస్తాయి. నాలుగు వేళ్లనూ నాలుగు ఫ్రెట్లపై నిలిపినా మణికట్టు వంకరపోదు. ఇక, ఒకే మందం గల తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు దాని బిగువు పొడవు వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక, 30 అంగుళాల బేస్‌పై బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. పెళ్లి రిసెప్షన్లలో రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి వాయించే వారి వేళ్లకు ఈ 22 శాతం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే సుఖంగా వాయించవచ్చునన్నది ఈ వాద్యం ఆకర్షణలో సగమే. బిగువు తగ్గిన తీగను మీటినప్పుడు మూలస్వరంతో పాటు పైన పలికే అతిస్వరాలు వెనక్కి తగ్గి, మూలస్వరం నిండుగా ముందుకు వస్తుంది. దానికి చదునైన చుట్టు గల ఫ్లాట్‌వౌండ్ తీగలు తోడైతే, నాదం మృదంగం తొప్పి (ఎడమ వైపు) పలికినంత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. గాయకుడి గొంతుకు అడ్డు రాకుండా కింద నుంచి ఆసరాగా నిలుస్తుంది. మన పాటలకు ఇది మరొక విధంగానూ కలిసివస్తుంది. తీగ వదులుగా ఉండటం వల్ల దాన్ని పక్కకు లాగి గమకాన్ని పలికించడం తేలిక. పొడవు బేస్‌పై అదే గమకానికి వేలి బలమంతా ఖర్చు పెట్టాలి. లోపాలు లేవని నేను వాదించడం లేదు. 41 హెర్ట్జ్‌ల దగ్గర పలికే అన్నింటికంటే కింది తీగ, కాస్త మందమైనది ఎంచుకోకపోతే, అలుక్కుపోయినట్లు వినిపిస్తుంది. గట్టిగా మీటితే క్షణకాలం శ్రుతి పైకి పోతుంది. కొన్ని నమూనాల్లో నెక్ బరువుకు వాద్యం ముందుకు వాలిపోతుంది. తీగ లోహపు మెరుపుతో, ప్రతి స్వరమూ విడివిడిగా ఖంగుమనాలని కోరుకునేవారికి 34 అంగుళాల బేసే తగినది. నా అభ్యంతరం అది గొప్పదన్నందుకు కాదు, ఇది దానికి కుదించిన నకలు అన్నందుకు.

చేతుల పరిమాణం మాటకొస్తే, ఆరడుగులు దాటిన అమెరికన్ జాజ్ బేస్ విద్వాంసుడు స్టాన్లీ క్లార్క్ తన పేరు మారుమోగించింది అలెంబిక్ సంస్థ చేసిన షార్ట్ స్కేల్ బేస్‌పైనే. తీగ పొడవు 42 అంగుళాల దరిదాపుల్లో ఉండే, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ వంటి డబుల్ బేస్‌ను కూడా ఆయన అంతే సమర్థంగా వాయిస్తారు కనుక, పొట్టి బేస్‌ను ఎంచుకోవడానికి కారణం వేళ్లు చాలకపోవడం కాదని స్పష్టం. ఆ డబుల్ బేస్ సంగతి కూడా విచిత్రమే: వాద్యబృందాల్లో పెద్దవారు సర్వసాధారణంగా వాయించేది ముప్పాతిక సైజుదే, దాన్ని ఎవరూ పిల్లల వాద్యమని అనరు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు కొనుక్కున్న హాఫ్నర్ వయొలిన్ బేస్ కూడా 30 అంగుళాలదే. బ్రిటిష్ రాక్ బృందం క్రీమ్‌లో జాక్ బ్రూస్ చేతిలో ఉరిమిన గిబ్సన్ ఈబీ-3 కొలత 30.5 అంగుళాలు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్న సామెత మనుషుల విషయంలో ఎంత నిజమో నాకు తెలియదు గాని, ఈ వాద్యాలకు చక్కగా అతుకుతుంది.

సేకరించేవారిని ఇవి ఆకర్షించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 34 అంగుళాల బేస్‌లలో చాలావరకు ఫెండర్ వేసిన బాటలోనే నడిచాయి. పొట్టివాటికి అటువంటి ఏకైక మూలపురుషుడు లేడు. గిబ్సన్ సంస్థ 1953లోనే వయొలిన్ ఆకారంలో ఒకటి చేసింది. 1959లో వచ్చిన ఈబీ-0లో పెద్ద పికప్‌ను (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) నెక్‌కు ఆనించినంత దగ్గరగా పెట్టడంతో ముదురైన, బురదనేల వంటి నాదం పుట్టింది. నాకు అది ఇష్టం, మా కీబోర్డు వాద్యకారుడికి ససేమిరా నచ్చదు. డానెలెక్ట్రో వారు లిప్‌స్టిక్ గొట్టాల్లో పికప్‌లను అమర్చి, మేసొనైట్ అనే చెక్కపీచు అట్టతో ఒళ్లు చేసి, 29.75 అంగుళాల లాంగ్‌హార్న్‌ను 1950ల చివరలో అమ్మారు. విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని 1966లో విడుదలైన ఫెండర్ మస్టాంగ్ బేస్, కొంతకాలానికి అమెరికన్ రాక్ బృందం టాకింగ్ హెడ్స్‌లో టీనా వేమౌత్ చేతిలో అందరూ వినదగిన వాద్యమైంది. అదే దశాబ్దంలో టెయిస్కో వంటి జపాన్ సంస్థలు రకరకాల ఆకారాల్లో ఎగుమతి చేసినవి వేరే. లోపల బోలుగా ఉన్న హాఫ్నర్‌కూ, నిండు చెక్కతో చేసిన మస్టాంగ్‌కూ కొలత ఒక్కటే అయినా నాదంలో పోలిక లేదు. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదని అనుకోవడానికి వీలుండదు. మెకార్ట్నీ బేస్ 1972లో లండన్‌లో చోరీకి గురై, తిరిగి ఆయన చేతికి చేరిందని 2024లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతటా వార్త అయింది. అభ్యాస వాద్యం కోసం ఎవరూ అర్ధశతాబ్దం వెతకరు కదా.

ఇక మన ప్రాంతపు సంగతి. వీణ, వయొలిన్, నాదస్వరం నేర్చుకోదలచినవారికి తిరుపతిలో తితిదే 1959లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. బేస్ గిటార్‌కు అటువంటి గురుపీఠం లేదు. దుకాణదారు చెప్పిందీ, పత్రికలో చదివిందీ పిల్లలకు వేదవాక్కు అవుతుంది. అందుకే ఆ ఒక్క వాక్యానికి ఇంత పెద్ద జవాబు. తిరుపతి, చిత్తూరు ఆర్కెస్ట్రాల్లో బేస్ భాగాన్ని కీబోర్డు వాద్యకారుడు ఎడమచేత్తో సరిపెట్టడం పరిపాటి అయిపోయింది. మనిషి వాయించే బేస్ మళ్లీ వినిపించాలంటే, మొదటి నెలలోనే చేతినొప్పితో విసిగిపోకుండా వాయించగల వాద్యం అందుబాటులో ఉండాలి. మంచి షార్ట్ స్కేల్ కోసం మన ఊరివారు ఇప్పటికీ చెన్నైకో బెంగుళూరుకో పోవలసిందే. (సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సామాను అరపై పెట్టుకుని తెచ్చుకోవడానికి పొట్టిదే అనువని కూడా మనవి చేస్తున్నాను.)

పాతదాన్ని కొనదలచినవారు నెక్ వంగిందా, దాని వంపును సరిచేసే లోపలి ట్రస్ రాడ్ (లోహపు కడ్డీ) ఇంకా తిరుగుతున్నదా అన్నది రంగు కంటే ముందు చూడాలి. మన ఎండాకాలపు పొడి వేడికీ, ఈశాన్య రుతుపవనాల తేమకూ మధ్య చెక్క ఏటా కదులుతూనే ఉంటుంది. తీగల ప్యాకెట్‌పై షార్ట్ స్కేల్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోవాలి. పొడవు బేస్ తీగలను కత్తిరించి బిగిస్తే మందపాటి భాగం ట్యూనింగ్ కీకి చుట్టుకుంటుంది, కోసిన చోట పై చుట్టు వదులై నాదం చచ్చిపోతుంది. ఆ తప్పును వాద్యానికి అంటగట్టి దాన్ని తిరిగి అమ్ముకున్నవారిని ఈ ఊళ్లోనే చూశాను.

ఇట్లు,
ఒక బేస్ గిటార్ వాద్యకారుడు,
తిరుపతి