మదీనా వెళ్లొచ్చాం సార్, ఏం చూశామో మాకే తెలియలేదు

గౌరవనీయులైన మంత్రి గారికి,

హజ్‌కు వెళ్లే మాలాంటివాళ్లకు తెలుగులో చెప్పే ఏర్పాటు చేయమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోసారి వెళ్తే పైకి పంపామన్నారు. మూడోసారి ఆ కాగితం ఏ సెక్షన్‌లో ఉందో వెతకడానికే ఒక పూట పట్టింది. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మాది నంద్యాల వైపు పల్లె. నూర్‌బాషా కుటుంబం. మా ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుగే. అమ్మ దువా, అంటే ప్రార్థన, చేసుకునేది కూడా తెలుగులోనే. ఉర్దూ రాదు. అది మా తప్పా సార్? హజ్‌కు ముందు పెట్టిన తర్బియత్ (శిక్షణ) క్యాంపు మొదలుకొని మదీనాలో పుణ్యస్థలాలు చూపించే జియారత్ బస్సు మైకు దాకా ఒక్క ముక్క తెలుగు వినపడలేదు. మక్కాలో ఎలాగో నెట్టుకొచ్చాం. కాబా చుట్టూ తిరిగే తవాఫ్, సఫా మర్వా గుట్టల మధ్య నడిచే సయీ పక్కవాళ్లను చూసి చేశాం. కానీ మదీనాలో ప్రతి చోటికీ ఒక చరిత్ర ఉంది. అది చెప్పేవాళ్లు లేకపోతే చూసినా చూడనట్టే.

ఉహుద్ కొండ దగ్గర బస్సు ఆపి ఇరవై నిమిషాలు టైమ్ ఇచ్చారు. మైకులో ఆయన గబగబా ఏదో చెప్పాడు. బస్సులో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అమ్మ నా చొక్కా పట్టుకుని, "ఏందిరా, ఏమంటాండాడు? అందరూ ఏడుస్తాండారే" అంది. నాకు హంజా అన్న పేరొక్కటే అర్థమైంది. అదే చెప్పాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, ఆ ఎండలో సమాధుల కంచె దాకా నడిచి, లోపల ఎవరున్నారో సరిగా తెలియకుండానే దువాకు చేతులెత్తింది.

ఊరికొచ్చాక చదువుకున్నాను. 625లో ఆ కొండ కిందే యుద్ధం జరిగింది. ఎదురుగా ఉన్న చిన్న గుట్ట మీద ప్రవక్త వారు యాభై మంది విలుకాళ్లను నిలబెట్టి, ఏం జరిగినా కదలొద్దన్నారు. గెలిచేశామనుకుని వాళ్లలో ఎక్కువమంది దిగొచ్చారు. దాంతో యుద్ధం తలకిందులైంది. మనవాళ్లు డెబ్బై మంది దాకా షహీద్ అయ్యారు, అంటే ధర్మం కోసం ప్రాణాలిచ్చారు. వాళ్లలో ప్రవక్త వారి బాబాయి హంజా ఒకరు. "ఉహుద్ మనల్ని ప్రేమిస్తుంది, మనం దాన్ని ప్రేమిస్తాం" అని ప్రవక్త వారు చెప్పిన కొండ అది. ఈ ఒక్క మాట ఆ రోజు అమ్మ చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది!

అక్కడ నడిచిన నడకకు అమ్మ కాళ్లు వాచాయి. తర్వాత కుబా మసీదు దగ్గర దిగలేనని బస్సులోనే కూర్చుంది. నేనూ సరేనన్నాను. వుజూ చేసుకుని, అంటే నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కుని, బయల్దేరి కుబాలో రెండు రకాతుల నమాజు చదివితే ఒక ఉమ్రా (చిన్న హజ్) చేసినంత పుణ్యమని హదీసు ఉందట. నాకు తెలిసి ఉంటే భుజాన ఎత్తుకునైనా తీసుకెళ్లేవాణ్ణి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు సార్.

బఖీ శ్మశానంలోకి ఆడవాళ్లను పంపరు. నేను వెళ్లొస్తే, "లోపల ఎవరెవరు ఉండారు నాయనా?" అని అడిగింది. పేర్లు లేని రాళ్లు, మట్టి తప్ప నాకేం కనపడలేదు. అక్కడ ఖలీఫా ఉస్మాన్ ఉన్నారనీ, ప్రవక్త వారి పసిబిడ్డ ఇబ్రహీం ఉన్నాడనీ ఇప్పుడు తెలుసు. ప్రవక్త వారు నమాజులో ఉండగానే జెరూసలేం వైపు నుంచి కాబా వైపు తిరిగిన మసీదు ఖిబ్లతైన్ అనీ ఇప్పుడే తెలుసు. 1908లో డమాస్కస్ నుంచి మదీనా దాకా రైలు వచ్చిందట, ఆ స్టేషన్ ఇప్పటికీ ఉందట. దాని ముందు నుంచే వెళ్లామో లేదో చెప్పలేను.

తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. పొద్దున్నే పొయ్యిలోంచి తీసిన తమీస్ రొట్టె, చాటంత ఉంటుంది, దాన్ని చించుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడితో తినేవాళ్లం. అజ్వా ఖర్జూరాలు వేళ్లు చూపించి బేరం చేసి కొన్నది అమ్మే. ఊళ్లో ఇంటింటికీ ఏడేసి పంచింది. ఏం చూశావమ్మా అని ఇరుగుపొరుగు అడిగితే, "కొండ చూసినాం, మసీదులు చూసినాం" అని ఆగిపోయింది. జీవితమంతా దాచుకున్న డబ్బు పెట్టి వెళ్లొచ్చిన మనిషి సార్.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పనికాదు. మాతో పంపే సిబ్బందిలో తెలుగు వచ్చినవాళ్లను కొందరినైనా వేయండి. తర్బియత్ క్యాంపు తెలుగులో కూడా పెట్టండి. మదీనాలో ఏ చోటు ఏమిటో చెప్పే చిన్న పుస్తకం, పెద్ద అక్షరాలతో, తెలుగులో ఇవ్వండి. మైకులో తెలుగు చెప్పించండి. మళ్లీ మళ్లీ అడుగుతున్నానని విసుక్కోకండి.

అమ్మకు ఇక వెళ్లే ఓపిక లేదు, మాకు డబ్బూ లేదు. మా వీధిలో ఇద్దరు ముసలివాళ్లు ఈసారి దరఖాస్తు పెట్టారు. తెలుగు తప్ప ఇంకోటి రాదు. కుబా దగ్గర బస్సు దిగమని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పేలా చూడండి సార్.

ఇట్లు,
నంద్యాల జిల్లా నుంచి ఒక హాజీ