మాదిరి కోర్టులో బీరు కంపెనీ ఎందుకు గెలిచింది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం తొమ్మిదో తరగతి పిల్లలు నడిపిన మాదిరి కోర్టు మీద వాట్సాప్ గ్రూపుల్లో చర్చ ఇంకా ఆగలేదు. బడిలో బీరు తయారీదారులను గెలిపిస్తారా అని కొందరు నిలదీశారు. గెలిపించింది మా పిల్లలు కాదు, 1883లో అమెరికాలోని అయోవా సుప్రీంకోర్టు.

ఈ కథలో ముఖ్యురాలు జుడిత్ ఎలెన్ ఫాస్టర్. 1872లో అయోవాలో లాయరుగా నమోదై, మద్యనిషేధ ఉద్యమంలోకి దిగారు. క్లింటన్‌లో ఆవిడ ఇల్లు తగలబడింది. అది సారా వ్యాపారుల పనే అన్నారు. నిషేధాన్ని రాజ్యాంగంలోనే చేర్చాలని ఊరూరా తిరిగారు. అర్జీల నమూనాలు, సంఘాల నియమావళితో 1882లో ఒక చేతిపుస్తకం కూడా వేశారు. ఆ ఏడాది జూన్ 27న సవరణ దాదాపు 30 వేల ఓట్ల ఆధిక్యంతో నెగ్గింది. అయితే అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు ఓటు హక్కు లేదు కాబట్టి, ఆ ఎన్నికలో ఫాస్టర్‌కే ఓటు లేదు!

తర్వాత డావెన్‌పోర్ట్‌లోని కోలర్ అండ్ లాంగె అనే బీరు కంపెనీ, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన హిల్ మీద దావా వేసింది. నిషేధం వచ్చాక ఆ అమ్మకమే చెల్లదని హిల్ వాదన. అసలు సవరణే చెల్లదంది కోర్టు. వరసగా రెండు శాసనసభలు ఒకే పాఠాన్ని ఆమోదించాలి, దాన్ని సభ మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి, ఆ తర్వాతే జనం ఓటు. ఇక్కడ "లేదా వాడేందుకు" అనే రెండు మాటలు ఒకచోట ఉండి, ఇంకోచోట జారిపోయాయి. అంత ఉద్యమమూ అక్కడ ఆగింది. మళ్లీ మామూలు చట్టంగా నిషేధం తెచ్చుకునేసరికి 1884 అయింది.

సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన మన దూబగుంట ఉండగా అయోవా ఎందుకని కొందరన్నారు. దూబగుంటా చేస్తాం, వచ్చే నెలే. కానీ నకలు రాసిన కాగితాన్ని మూలంతో అక్షరం అక్షరం పోల్చి చూడాలని, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు వేలు పెట్టి సరిచూడాలని నేను ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. ఆ మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. బి సెక్షన్ అమ్మాయి హిల్ లాయరుగా నిలబడి, ప్రజల తీర్పు కంటే గుమస్తా తప్పు పెద్దదా అని అడిగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. జడ్జిగా కూర్చున్న అబ్బాయి చీటీ చూడకుండానే తీర్పు చదివాడు. వాళ్లను ఎంత మెచ్చుకున్నా నాకు తనివి తీరడం లేదు.

ఇక మీ సహకారం గురించి. పిల్లల ప్రాజెక్టులకు మీరు పడే శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది, దస్తూరీ కూడా మీదే కాబట్టి. మొన్న వచ్చిన చార్టుల్లో పదకొండు ఒకే వెబ్‌పేజీ ప్రింట్లు, పుట్టిన సంవత్సరం తప్పుతో సహా. ఫాస్టర్ పుట్టింది 1840లో. దయచేసి రాత్రి పదింటికి ఫోన్ మీరు తీసుకోండి, పెన్ను వాళ్లకివ్వండి.

రెండో టర్మ్ ఫీజు పదో తేదీలోగా. బస్ పాసులు ఆఫీసులో. సోమవారం నుంచి స్వెటర్లు వేసుకోవచ్చు.

దూబగుంట పాఠానికి పేర్లు శుక్రవారంలోగా ఇవ్వాలి. పిల్లలే రాసివ్వాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు