బిడ్డ ఎదిగినా ఎదగని మనోవర్తి

సంపాదకునికి,

ప్రముఖులు విడిపోయినప్పుడల్లా భరణం ఎన్ని కోట్లన్నది పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలకు నెలనెలా అందాల్సిన మనోవర్తి గురించి లోపలి పేజీల్లోనైనా కనబడదు. అందుకే ఈ లేఖ.

మా బంధువుల అమ్మాయికి కోర్టు ఉత్తర్వు వచ్చినప్పుడు ఆమె కొడుక్కి మూడేళ్లు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడి బడి మారింది, కళ్లద్దాలు వచ్చాయి, ఏటా చెప్పులు మారుతూనే ఉన్నాయి. ఉత్తర్వులోని అంకె మాత్రం అలాగే ఉంది. పెంచమని అడగరాదా అంటే, "మళ్లీ వాయిదాలకు తిరిగే ఓపిక లేదు పిన్నీ" అంటుంది.

అడిగే దారి చట్టంలో లేకపోలేదు. పాత నేర విచారణ స్మృతిలో అది 127వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 146వ సెక్షన్. పరిస్థితులు మారాయని రుజువు చేస్తే మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. అయితే ఆ రుజువు తెచ్చే పని అడిగినవారిదే. మళ్లీ పిటిషన్, మళ్లీ వకీలు ఫీజు, మళ్లీ అవతలివారి ఆదాయం కోసం వెతుకులాట. ఆస్తులు, అప్పులు, ఆదాయాలపై ఇరువురూ అఫిడవిట్ ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. జీతగాడి విషయంలో అది పనిచేస్తుంది. వ్యాపారి విషయంలో ఏం జరుగుతుందో కోర్టు వరండాలో కూర్చున్నవారిని అడగండి.

అంకెను ఒకసారి రాసి మరచిపోవడం మన చట్టానికి పాత అలవాటే. 1973 నాటి స్మృతిలో పెట్టిన నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి 2001 దాకా కేంద్ర చట్టంలో చెక్కుచెదరలేదు. కొన్ని రాష్ట్రాలే విసిగి తమ మేరకు పెంచుకున్నాయి.

జర్మనీలో కోర్టులు డ్యూసెల్‌డార్ఫ్ పట్టిక చూసి లెక్క వేస్తాయి. తండ్రి లేదా తల్లి ఆదాయం ఒక వైపు, బిడ్డ వయసు మరో వైపు. ఆరేళ్లు నిండితే ఒక మెట్టు, పన్నెండు నిండితే ఇంకో మెట్టు. పట్టికను కూడా తరచుగా సవరిస్తారు. బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థే ఏటా ఆదాయాన్ని సరిచూస్తుంది. మధ్యలో ఆదాయం 25 శాతం మేర మారితే లెక్క తిరగరాస్తుంది. బిడ్డ ఎదిగాడని ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు.

చెల్లించేవారి కష్టం కూడా ఇందులోనే ఉంది. ఉద్యోగం పోయిన తండ్రి "రెండు నెలలు ఆగు" అని నోటిమాటగా సర్దుకుంటాడు. ఉత్తర్వు ఆగదు, బకాయి పేరుకుంటుంది. వారంటు వచ్చినా కట్టకపోతే నెల బకాయికి నెల వరకు జైలు. వెంటనే సవరణ కోరాలని అతనికి చెప్పేవారెవరు? మొండిగా ఎగ్గొట్టేవారి మీద నాకు జాలి లేదు గానీ, నిజంగా చితికిపోయినవారినీ అదే గాటన కట్టడం అన్యాయం.

2025లో సుప్రీంకోర్టు ఒక మాజీ భార్యకు శాశ్వత భరణం నిర్ణయిస్తూ, రెండేళ్లకోసారి 5 శాతం పెరగాలని ఉత్తర్వులోనే రాసింది. ఆ ఒక్క వాక్యం పిల్లల మనోవర్తి ఉత్తర్వులన్నిటిలోనూ ఎందుకు ఉండకూడదు? దానికి తోడు ఆరేళ్లకు, పన్నెండేళ్లకు సమీక్ష తేదీ ముందే వేయాలి. ఏటా ఇరువురూ ఆదాయ వివరాలు దాఖలు చేయాలి. హైకోర్టులు కుటుంబ న్యాయస్థానాలకు ఈ మేరకు సూచనలు ఇవ్వవచ్చు.

మా బంధువుల అమ్మాయి కొడుక్కి పద్దెనిమిది నిండడానికి ఇంకా నాలుగేళ్లే. ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి నాగరిక్ సురక్షా సంహిత కింద వచ్చే మనోవర్తి అక్కడితో సరి. కాలేజీ ఫీజులు మొదలయ్యేది కూడా అప్పుడే.

— ఒక పాఠకురాలు