నేలపట్టు గూడబాతులు సైబీరియా నుంచి రావు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం తెల్లవారకముందే నెల్లూరులో బయలుదేరి నేలపట్టు పక్షుల చెరువుకు వెళ్లాను. మధ్యాహ్నం దాకా అక్కడ, ఆ తరువాత పొద్దుగూకే వరకు పులికాట్ ఒడ్డున కెమెరాతో గడిపాను. 2022లో జిల్లాలను విభజించినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నెల్లూరు వాళ్లం ఇప్పటికీ దాన్ని మన చెరువనే చెప్పుకుంటాం. ఆ రోజు అక్కడ విన్న ఒక మాట పత్రికలకు కూడా సంబంధించినది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండి, కడప అనే చెట్లు మొదళ్ల దాకా నీళ్లలో నిలిచి ఉన్నాయి. ఆ కొమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్లకొంగలు, నీటికాకులు పక్కపక్కనే గూళ్లు కట్టుకున్నాయి. చెట్టు చుట్టూ నీళ్లుంటే కుక్కా నక్కా దరి చేరలేవు కనుక ఈ పక్షులు ఆ చెట్లనే ఎంచుకుంటాయి. నా లెన్సుకు ఎదురుగా ఉన్న గూటిలో, ఇంకా ఈకలు సరిగా రాని ఒక గూడబాతు పిల్ల పెద్దపక్షి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటోంది. లోపల అది తల తిప్పినప్పుడల్లా ఆ పలచటి సంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉబ్బుతోంది.

నా పక్కన నిలబడిన ఒకాయన తన కొడుకుకు ఆ గూడునే చూపిస్తూ, ‘‘ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయిరా, పేపర్లో వేశారు’’ అన్నాడు. ఏడెనిమిదేళ్ల ఆ పిల్లవాడు కాసేపు చూసి, ‘‘మరి ఆ పిల్ల కూడా అంత దూరం ఎగిరొచ్చిందా నాన్నా?’’ అని అడిగాడు. తండ్రి నవ్వి ఊరుకున్నాడు. నిజానికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

ఉత్తర దేశాల చలికి తాళలేక మన వైపు వచ్చే పక్షులు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేది వేసవిలో, తమ సొంత నేల మీదనే. ఇక్కడికి అవి తిండి కోసం వస్తాయి. చలికాలంలో మన చెరువుల్లో దిగే సూదితోక బాతులు అటువంటివి. వాటిని విదేశీ అతిథులని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. గూడబాతు, నత్తగుల్లకొంగ, ఎర్రకాళ్ల కొంగ అలా కాదు. ఇవి దక్షిణాసియా పక్షులు. నీళ్లున్న చోటికి, చేపలున్న చోటికి మన చెరువుల మధ్యనే తిరుగుతూ, నేలపట్టులోనో గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనో కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనో గూళ్లు పెట్టుకుంటాయి. సైబీరియా కొంగ అనే పక్షి వేరే ఉంది. అది మన దేశంలో చివరి రోజుల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది; 2002 తరువాత అక్కడా కనబడలేదు.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పక్కన, మోకాలి లోతు నీళ్లలో ముక్కులు తలకిందులుగా పెట్టి నీటిని వడగట్టుకుంటున్న ఫ్లెమింగోల గుంపును చూశాను. వాటికి కూడా మనం సైబీరియానే పుట్టిల్లు చేశాం. మన దేశంలో ఆ పక్షులు వేల సంఖ్యలో బురదతో గూళ్లు కట్టుకునేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. సైబీరియా అంటే వార్తకు కొంత బరువు వస్తుందేమో గానీ, కచ్ మాత్రం తక్కువ దూరమా?

పేరులో ఏముంది, పక్షిని చూసి ఆనందిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. ‘ఆరు నెలల అతిథులు’ అని రాసినందువల్ల మిగతా ఆరు నెలలు అవి ఎక్కడుంటాయో మనకు పట్టడం లేదు. పోయిన మే నెలలో కనిగిరి రిజర్వాయరులో పది, పన్నెండు గూడబాతులను చూశాను. అవి దారి తప్పి ఆగిపోయిన పరదేశి పక్షులని నాతో వాదించిన మిత్రుడు చదువుకున్నవాడే. చెరువులో నీళ్లు ఇంకిపోయినా, లోపలి తుమ్మలు కొట్టేసినా దెబ్బ తగిలేది ఈ పక్షులకే.

ఆ ఆదివారమే ఇంకొక దృశ్యం కూడా చూశాను. పెద్ద కెమెరా మెడలో వేసుకున్న ఒక యువకుడు, పక్షులు ఒక్కసారిగా లేస్తే ఫొటో బాగుంటుందని గట్టిగా చప్పట్లు కొట్టాడు. గుడ్లున్న గూటిని పక్షి వదిలితే కాకి వాలడానికి నిమిషం పట్టదు. అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగడుతుందని నేను చెబితే అతడు నమ్మలేదు. అటువంటి ఫొటోలే పత్రికల్లో ‘విదేశీ విహంగాల విన్యాసం’ అన్న శీర్షికతో అచ్చవుతుంటే అతడిని మాత్రం ఏమనగలం?

మీ పత్రికలో కూడా ఈ మాట ఏటా చదువుతున్నాను. పక్షుల ఫొటో వేసేటప్పుడు ఆ పక్షి పేరును అటవీ శాఖ సిబ్బందిని అడిగి రాయించవలసిందిగా మీ విలేకరులకు చెప్పండి. గూడు కనిపిస్తున్న ఫొటో కింద సైబీరియా అన్న మాట వేయకండి. ఈ లేఖతో ఆ పిల్ల ఫొటో ఒకటి పంపుతున్నాను. చోటుంటే ‘నేలపట్టులో పుట్టిన గూడబాతు పిల్ల’ అని రాసి ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నెల్లూరు