జైరాజ్, కాంతారావుల పేర్లు సరే, సినిమాలేవి?

సంపాదకుడు గారికి,

రామారావు, నాగేశ్వరరావుల నటజీవితాలను పోలుస్తూ మీరు ఇటీవల వేసిన వ్యాసం చదివించింది. కానీ ఆ పోలిక తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. కృష్ణుడంటే ఆయన, దేవదాసంటే ఈయన, మధ్యలో ‘గుండమ్మ కథ’. పోల్చదగ్గ జంట మన దగ్గరే మరొకటి ఉంది. ఒకరు కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్, మరొకరు కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు. 2025లో గద్దర్ సినిమా అవార్డుల సభలో జైరాజ్ పేరిట మణిరత్నానికి, కాంతారావు పేరిట విజయ్ దేవరకొండకు పురస్కారాలు ఇచ్చారు. అందుకున్నవారి గురించి పత్రికలన్నీ రాశాయి. ఆ పేర్లు ఎవరివో చెప్పే ఓపిక మాత్రం పెద్దగా ఎవరికీ లేకపోయింది.

ఇద్దరి చేతిలోనూ కత్తే. అయితే జైరాజ్‌ది చరిత్ర, కాంతారావుది జానపదం. నిజాం కాలేజీలో చదివిన జైరాజ్ 1929లో బొంబాయి చేరి మూకీల్లో నిలదొక్కుకున్నారు. సినిమాకు మాట వచ్చాక మూకీ తారలు చాలామంది తెరమరుగైతే, ఆయన మాత్రం హిందీ తెర మీద దశాబ్దాల పాటు కొనసాగారు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో చదువుకోవడం అక్కడే కలిసివచ్చిందని నా అభిప్రాయం. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్ వంటి పాత్రలు ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. ‘షోలే’లో కాసేపు కనిపించే పోలీసు కమిషనర్ ఆయనే. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా దక్కింది.

కాంతారావుకు అంత విశాలమైన మైదానం దొరకలేదు. ఆయన వచ్చేసరికి తెలుగు తెర మీద రెండు సింహాసనాలూ నిండిపోయాయి. విఠలాచార్య జానపదాల్లో రాకుమారుడై కత్తి తిప్పారు. పౌరాణికాల్లో మిగిలిన వేషాలు కట్టారు. ‘మిగిలిన’ అంటున్నాను గానీ, అవి ఎలాంటివో చూడండి. ‘నర్తనశాల’లో రామారావు బృహన్నల కావడంతో కృష్ణుడి కిరీటం కాంతారావు తలకెక్కింది. అప్పటికే జనం మనసులో కృష్ణుడంటే రామారావే. ఆయన ఎదురుగా ఉండగా అదే వేషం కట్టి, ఆయనను అనుకరించకుండా మెప్పించడం ఎంత కష్టమో నటులకే తెలుస్తుంది. అదే 1963లో ‘లవకుశ’ లక్ష్మణుడు. అన్న ఆజ్ఞ జవదాటలేడు, వదినకు నిజం చెప్పలేడు. సీతను అడవికి తీసుకువెళ్లే ఆ ఘట్టంలో రాముడి కంటే లక్ష్మణుడి మీదే నాకు ఎక్కువ జాలి కలుగుతుంది. అది పాత్ర గొప్పతనమే అని కొట్టిపారేసేవారు ఆ సన్నివేశం మరోసారి చూడాలి.

తర్వాత సొంతంగా సినిమాలు తీసి చేతులు కాల్చుకున్నారు. జానపదాల కాలం చెల్లింది. చివరి రోజుల్లో చిన్నాచితకా వేషాలతో నెట్టుకొచ్చి 2009లో కన్నుమూశారు.

ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘నిర్లక్ష్యానికి గురైన తెలంగాణ నటులు’ అనడం సభల్లో వినడానికి బాగుంటుంది. నిజానికి జైరాజ్‌ను బొంబాయి నిర్లక్ష్యం చేయలేదు, మరిచిపోయింది మనం. కాంతారావు విషయంలో అలాంటి సాకు కూడా లేదు. ఆయన మన కళ్ల ముందే ఉన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు చూశాం. ఫాల్కే పురస్కారం జైరాజ్‌కు దక్కింది, అందుకు ఆయన తగినవారే. కానీ తెలుగు ప్రేక్షకుడిగా నా లెక్కలో కాంతారావే ఒక మెట్టు పైన ఉంటారు. దీన్ని కాదనేవారు కరీంనగర్‌లోనే దొరకవచ్చు. వాళ్లు జైరాజ్ సినిమాలు చూసి కాదంటే నాకు సంతోషమే.

చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కడ చూస్తారు? హైదరాబాద్ రవీంద్రభారతిలో జైరాజ్ పేరుతో ప్రివ్యూ థియేటర్ ఉంది, మంచిదే. ఉత్తర తెలంగాణకు ఏముంది? మా హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరుచుకుంది. సెప్టెంబర్ 28 జైరాజ్ పుట్టినరోజు, నవంబర్ 16 కాంతారావుది. ఆ రెండు తేదీల్లో అక్కడా, కరీంనగర్‌లోనూ ఇద్దరి సినిమాలూ చెరొకటి ఉచితంగా వేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మన దేశపు మూకీల్లో అత్యధికం ఇప్పటికే నశించిపోయాయి కనుక, జైరాజ్ చిత్రాల్లో చూపించదగిన ప్రతులు ఏవి మిగిలాయో పుణెలోని జాతీయ సినిమా భాండాగారాన్ని అధికారులు ఇప్పుడే వాకబు చేయాలి. మీరు కూడా ఆ రెండు రోజుల్లో జిల్లా పేజీ మూలన రెండు వాక్యాల జయంతి వార్తతో సరిపెట్టకుండా, రామారావు, నాగేశ్వరరావులకు ఇచ్చినంత చోటు వీరికీ ఇవ్వగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ