సూపర్బ్ ఫోర్ బై ఫోర్ చూసిపెట్టిన ఆటోనగర్ పెద్దలకు కృతజ్ఞతలు

స్కోడా సూపర్బ్ వీ6 ఫోర్ బై ఫోర్, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ అందే కారు. 3.6 లీటర్ల పెట్రోల్, 2011 రిజిస్ట్రేషన్, మీటరు మీద 1,48,000. "ఇంత తిరిగిన బండా!" అన్నవాళ్లే అందరూ. "కిలోమీటర్లు తర్వాత, ముందు కిందకి దూరి చూద్దాం" అన్నది మాత్రం విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ గారొక్కరే. ఆయనకి, టైర్ల షాపు అన్నకి, టింకరింగ్ బాబాయ్‌కి, కాగితాలు చూసిపెట్టిన గుంటూరు మాస్టారికి వేలవేల కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చూపించినవి మాత్రం రాస్తున్నాం, ఇలాంటి బండి కొనేవాళ్లకి పనికొస్తాయి.

మేస్త్రీ గారు మొదట అడిగింది హాల్డెక్స్ ఆయిల్ బిల్లు. హాల్డెక్స్ అంటే అవసరమైనప్పుడు వెనక చక్రాలకి బలం అందించే క్లచ్. ఈ కారులో గేర్‌బాక్స్ ఆయిల్ కాక ఇంకో మూడు ఆయిళ్లు ఉంటాయి: ముందు నుంచి వెనక్కి షాఫ్ట్ తిప్పే యాంగిల్ గేర్‌కి ఒకటి, వెనక హాల్డెక్స్ క్లచ్‌కి ఒకటి, దాన్ని ఆనుకునే ఉన్న, వెనక రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్‌కి ఒకటి. చివరి రెండూ పైకి ఒకే డబ్బాలా కనిపిస్తాయి గానీ లోపల సీలు అడ్డం, ఆయిల్ రకమూ వేరు. "డిఫరెన్షియల్ ఆయిల్ మార్చాం" అని బిల్లు చూపిస్తే హాల్డెక్స్‌ది మార్చినట్టు కాదు. అక్కడ పట్టేది లీటరు లోపే, ఫిల్టరుతో కలిపి 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. మార్చకపోతే క్లచ్ ప్లేట్ల అరుగు ఫిల్టరులో పేరుకుంటుంది, పంపు మోటారు తంటాలు పడి పడి చివరికి కాలిపోతుంది. ఆ తర్వాత బండి ముందు చక్రాలతోనే పోతుంటుంది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగకపోవచ్చు కూడా. అమ్మేవాడికే తెలియకుండా ఫోర్ బై ఫోర్ పోయిన బండ్లు ఇలాంటివే.

దీనికి పరీక్ష ఉంది. కారు కంప్యూటర్‌ని చదివే వీసీడీఎస్ స్కానర్ పెట్టి, ఫోర్ బై ఫోర్‌కి సంబంధించిన 22వ మాడ్యూల్ తెరిచి, పంపుని తిప్పి చూసే ఔట్‌పుట్ టెస్ట్ ఇస్తే, కింద చెవి పెట్టినవాళ్లకి సన్నటి గుంయ్‌మన్న శబ్దం వినపడాలి. ఆ తర్వాత ముందు చక్రాలు రెండూ వదులు ఇసుకలో పెట్టి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే వెనకవి నెట్టాలి. లిఫ్ట్ మీద నాలుగు చక్రాలూ తిరిగాయని సంబరపడితే లాభం లేదు. లోడు లేనప్పుడు క్లచ్ కొద్దిగా అంటుకున్నా చాలు, వెనక చక్రాలు తిరుగుతాయి.

గేర్‌బాక్స్ ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ, అంటే ఆయిల్‌లో మునిగి ఉండే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్. దీనికీ 60,000కే ఆయిలూ ఫిల్టరూ. మొత్తం పట్టేది 7 లీటర్ల పైచిలుకు, మార్చినప్పుడు దిగేది 5 లీటర్ల పైన. లెవెల్ చూడాల్సింది ఇంజిన్ ఆన్‌లో, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. మే నెల బెజవాడలో మిట్టమధ్యాహ్నం ఇది అయ్యే పని కాదు, నాలుగడుగులు నడిపితే చాలు 45 దాటేస్తుంది. వేడి ఆయిల్ వ్యాకోచించి ఎక్కువ కారిపోతుంది, చల్లబడ్డాక లెవెల్ తక్కువ. అందుకే ఆ పని తెల్లవారుజామున పెట్టుకున్న మేస్త్రీ గారి ఓపికకి దండం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమన్నదీ ఆయనే. ఈ వీ6లో టైమింగ్ చెయిన్లు గేర్‌బాక్స్ వైపు ఉంటాయి, మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగల వినిపిస్తే బేరం ఆపేయడమే.

టైర్ల అన్న ట్రెడ్ (టైరు మీది గాళ్ల లోతు) కొలిచే గేజ్ పెట్టి చూపించిన లెక్క ఇది. 225/45 ఆర్17 టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. ముందు కొత్తవీ వెనక అరిగినవీ ఉండి ట్రెడ్‌లో 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే, వెనక చక్రాలు కిలోమీటరుకి దాదాపు అయిదు చుట్లు ఎక్కువ తిరగాలి. హాల్డెక్స్ క్లచ్ పట్టినప్పుడల్లా ఆ తేడా అంతా ప్లేట్ల మీదే రుద్దుకుంటుంది. రెండు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోమన్నాడు. టైర్లు నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయ్యుండాలి. పక్కన ఉండే నాలుగంకెలు కూడా చూడాలి, 3219 అంటే 2019లో 32వ వారం.

టింకరింగ్ బాబాయ్‌ది వేరే చూపు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లు కడిగి, పాలిష్ కొట్టి తిరుగుతూనే ఉన్నాయి. ఆయన పెయింటు వైపు కన్నెత్తి చూడలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమోనని చూశాడు. స్టెప్నీ గుంటలో వేలు పెట్టి ఒండ్రు ఉందేమో తడిమాడు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, కార్పెట్ కింద స్పాంజి తడి చూశాడు. చివర్లో హెడ్‌లైట్ లోపల నీటి చార కోసం టార్చి వేశాడు. సూపర్బ్ హైదరాబాద్ బండి కదా, ఇదంతా ఎందుకు అంటే, "వరద బండ్లకి నంబరు ప్లేటుతో పనేంటయ్యా" అన్నాడు.

ఇక కాగితాలు. బండి తెలంగాణలోది కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అప్పు తీరిపోయిందనే బ్యాంకు లెటరుతో ఫారం 35, యజమాని పేరు మార్చడానికి 29, 30. రెండు రాష్ట్రాల చలానాలూ ముందే కట్టించాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాల్సి వస్తే, బండి వయసూ మొదటి ధరా బట్టి లెక్క వేస్తారు కాబట్టి ఒరిజినల్ ఇన్‌వాయిస్ కాపీ తెచ్చుకోవాలి. 2011 బండికి ఆర్‌సీ పదిహేనేళ్ల గడువు 2026 వరకే. ఆపైన ఫారం 25తో, బండి చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ ఖర్చులన్నీ బేరానికి ముందే కాగితం మీద కూడిపెట్టి అమ్మేవాళ్ల ముందుంచింది మాస్టారే. ధర దిగింది ఆ కాగితం చూశాకే.