ఫోన్‌కు అలవాటైన పిల్లలకు థెరపీ సర్కారు దవాఖానలోనే అందాలి

సంపాదకుడు గారికి,

ఒకటో తరగతిలో చేరుతున్న పిల్లల్లో కొందరికి పెన్సిల్ పట్టు కుదరడం లేదు. బొమ్మల పుస్తకం ఇస్తే పేజీ తిప్పరు, వేలితో పక్కకు జరపబోతారు. పప్పన్నం చేతికి అంటుకుంటే ఏడుపు. ఫోన్ పెడితే తప్ప ముద్ద మింగడని తల్లులే చెబుతున్నారు. పొద్దంతా కూలికి పోయి వచ్చి వంట చేసుకునే మనిషికి ఆ అరగంట ఎంత అవసరమో తెలియనిది కాదు. ఆమెను తిట్టి లాభం లేదు.

రెండేళ్లలోపు స్క్రీన్ వద్దనీ, ఆపై నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. సరే, ఫోన్ లాక్కున్నాక పిల్లాడి చేతికి ఏమివ్వాలి? చేతి పట్టు, రోజువారీ పనులు ఆటల ద్వారా అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు చూపించేది అదే. పిండి పిసికిస్తారు, బట్టల క్లిప్పులు నొక్కిస్తారు, దిండ్ల మీద పాకిస్తారు. ‘ఈ ఆటలకు ఫీజెందుకు?’ అని ఓ తండ్రి నన్నడిగారు. ఏ బిడ్డకు ఏ ఆట, ఎంతసేపు అన్నది తేల్చడానికే ఆ చదువు.

ఆ ఫీజూ తక్కువేం కాదు. వారానికి రెండు మూడు సెషన్లు, పట్నానికి బస్సు ఛార్జీలు, పోయిన రోజు కూలి. దానికి తోడు కొన్ని సెంటర్లు, ఫోన్ చూడటం వల్లే ఆటిజం లాంటి లక్షణాలు వస్తాయంటూ ‘వర్చువల్ ఆటిజం’ అని బోర్డులు పెట్టి టెన్షన్ పెంచుతున్నాయి. డాక్టర్లు ప్రామాణికంగా వాడే వ్యాధుల జాబితాల్లో ఆ పేరే లేదు. మాట ఆలస్యమైతే అది ఫోన్ వల్లా, వినికిడి లోపమా, నిజంగానే ఆటిజమా అన్నది పరీక్షించి చెప్పాల్సిందే.

అందుకు ఏర్పాటు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. ఎదుగుదలలో లోపం కనిపిస్తే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు పంపాలి. ప్రతి సెంటర్‌లోనూ ఆక్యుపేషనల్ థెరపిస్టును విడిగా నియమించాలి. ఆ పనీ ఫిజియోథెరపిస్టు మీదే వేయకూడదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు ఆక్యుపేషనల్ థెరపిస్టును వారానికొక రోజైనా పంపి, తల్లులకూ అంగన్‌వాడీ టీచర్లకూ ఇంట్లో చేయించే ఆటలు నేర్పించాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా, ఏ జిల్లాలో థెరపిస్టు ఉన్నారో, ఎక్కడ లేరో ఆరోగ్య శాఖ ప్రకటించాలి.

– ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, కరీంనగర్ జిల్లా